బరోక్ రచన మీద జాజ్ మనోధర్మం వాయించాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

పర్లాకిమిడి వయొలిన్ (ప్రశ్న)

పెద్దలకు, తోటి వాద్యకారులకు నమస్కారం. మాది గజపతి జిల్లా పర్లాకిమిడి. నేను విజయనగరం బాణీలో కర్ణాటక వయొలిన్ నేర్చుకున్నాను. మా బాబాయిగారి అబ్బాయి గుణుపురం వైపు ఒక చర్చిలో కీబోర్డు వాయిస్తాడు. నాలుగు గొంతులకు రాసిన క్రైస్తవ కీర్తనలను స్వరలిపి చూసి వాయించడం అతనికి చిన్ననాటి నుంచీ అలవాటు. మృదంగం వాయించే మిత్రుడు ఒకరు మాతో కలిశారు. ఈ శీతకాలంలో మా ఊరి సభలో ఐరోపాలో సుమారు 1600 నుంచి 1750 వరకు సాగిన బరోక్ బాణీ రచన ఒకదాన్ని తీసుకుని, జాజ్ వాద్యకారులు చేసినట్టుగా దాని మీద అప్పటికప్పుడు అల్లుకుంటూ వాయించాలని మా ముగ్గురి కోరిక.

మేము అనుకున్న పద్ధతి ప్రకారం రచనను ఉన్నది ఉన్నట్టు ఒకసారి వాయించి, తరువాత కీరవాణి రాగంలో స్వరకల్పన (అప్పటికప్పుడు స్వరాలు అల్లడం) చేసి, చివరకు మళ్ళీ రచనకు వచ్చాము. రికార్డు చేసి వింటే రెండు వేర్వేరు కచేరీలను పక్కపక్కన పెట్టినట్టుగా ఉంది తప్ప ఒకదానిలో ఒకటి కలవలేదు. మన సంగీతంలో షడ్జమం కదలదు, రాగం మారదు. అక్కడ కింద కార్డ్ (ఒకేసారి మోగే స్వరాల గుంపు) మారిపోతూ ఉంటే పైన అల్లేవాడు దేన్ని పట్టుకుని నడవాలి? అంతకంటే ముఖ్యమైన సందేహం ఇంకొకటి ఉంది. బాఖ్, హాండెల్ వంటి బరోక్ మహానుభావుల రచనల్లో వాద్యకారుడి మనోధర్మానికి అసలు చోటు ఉండేదా, లేక అది మనం బలవంతంగా చొప్పిస్తున్నదా? తెలిసినవారు దయచేసి వివరంగా చెప్పగలరు.

బరంపురం కీబోర్డు

మీ రెండవ సందేహంతోనే మొదలుపెడతాను, ఎందుకంటే మొదటిదానికి జవాబు దానిలోనే ఉంది. చోటు ఉండేది, అదీ చాలా విశాలంగా ఉండేది. బరోక్ కాలపు స్వరలిపిలో హార్ప్సికార్డ్ (పియానోకు ముందునాటి, తీగలను మీటే కీబోర్డు వాద్యం) వాద్యకారుడికి తరచుగా బాసు స్వరాలను, అంటే అన్నిటికంటే కింది స్వరవరుసను మాత్రమే ఇచ్చి, వాటి దగ్గర 6, 7 వంటి అంకెలు వేసేవారు. ఆ అంకెలను చూసి పై స్వరాలన్నీ అతడు అప్పటికప్పుడు కూర్చుకోవలసిందే. నేటి జాజ్ వాద్యకారుడి ముందున్న కాగితంలో పాట వరుస, దానిపైన కార్డ్‌ల పేర్లు మాత్రమే ఉంటాయి, మిగిలినదంతా అతని చేతిలో ఉంటుంది. రెండు కాగితాలూ అడిగే విద్య ఒక్కటే. హాండెల్ తన ఆర్గన్ కచేరీ రచనల్లో కొన్నిచోట్ల ఏమీ రాయకుండా, వాద్యకారుడి ఇష్టానికి వదులుతూ సూచన మాత్రం పెట్టాడు, ఎందుకంటే వాయించేది తానే. బాఖ్ కుమారుడు కార్ల్ ఫిలిప్ ఇమాన్యుయేల్ కీబోర్డు వాదనం మీద రాసిన గ్రంథం రెండవ భాగం 1762లో వెలువడింది. దాని చివరి అధ్యాయం ఆశువుగా వాయించడం గురించే. కనుక మీరు చేయబోయేది చొరబాటు కాదు, మధ్యలో మూతపడిన తలుపును మళ్ళీ తెరవడమే.

అయితే ఆ తలుపు బాసు వైపు ఉన్నది. మీ ముక్కలు కలవకపోవడానికి కారణం అదేనని నా అభిప్రాయం: మనోధర్మం మొదలుకాగానే మీరు రచన తాలూకు బాసును వదిలేసి రాగాన్ని పట్టుకున్నారు. రచనను ఎవరికీ కనిపించకుండా మోస్తున్నది బాసు. అది నడుస్తూనే ఉండాలి, దానిపైన మీరు ఏమి అల్లినా అది ఆ రచనలోని భాగంగానే వినిపిస్తుంది.

హాండెల్ 1720లో అచ్చువేయించిన హార్ప్సికార్డ్ సూట్లలో (చిన్న రచనల గుచ్ఛాలలో) జి మైనరులోని ఏడవదానికి చివర ఒక పాసకాలియా, అంటే ఒకే చిన్న వరుసను మళ్ళీ మళ్ళీ తిప్పుతూ దానిపైన అల్లే రచన, ఉంది. మీకు అంతకంటే తగిన రచన నాకు తోచడం లేదు. నాలుగు బార్ల (తాళపు గడుల) వరుస, బారుకు రెండు కార్డ్‌లు, మొత్తం ఎనిమిది: జి మైనరు, సి మైనరు, ఎఫ్, బి ఫ్లాట్, ఇ ఫ్లాట్, ఎ డిమినిష్డ్, డి మేజరు, తిరిగి జి మైనరు. ఈ వరుస మీదనే హాండెల్ ఒకదాని తరువాత ఒకటిగా కొత్త అల్లికలు రాసుకుంటూ పోయాడు. జాజ్ నేర్చుకునేవారందరూ మొదట్లోనే వాయించే ‘ఆటమ్ లీవ్స్’ అనే పాట ఉంది, జోసెఫ్ కోస్మా 1945లో కట్టిన వరుస. దాని మొదటి ఎనిమిది బార్లు జి మైనరులో చూస్తే సి మైనరు దగ్గర మొదలై ఇదే గొలుసుగా సాగుతాయి. రెండు వందల ఏళ్ళకు పైబడిన దూరంలో ఉన్న ఇద్దరు ఒకే దారిన నడిచారు.

ఇప్పుడు దాన్ని మీ స్వరాల్లోకి తెచ్చుకోండి. జి ని షడ్జమంగా, అంటే ఐదు శ్రుతిగా పెట్టుకుంటే మొదటి ఆరు కార్డ్‌లలోనూ నఠభైరవి రాగం స్వరాలే ఉంటాయి. ఏడవదైన డి మేజరు దగ్గర మాత్రం కాకలి నిషాదం (షడ్జమానికి ఆనుకుని కింద ఉండే హెచ్చు ‘ని’) వస్తుంది, అక్కడే కీరవాణి తొంగి చూస్తుంది. మీరు మొదటి నుంచీ కీరవాణి పట్టుకుంటే ఎఫ్ కార్డ్ మీద కాకలి నిషాదం పడి చెవికి గుచ్చుకుంటుంది. ఎనిమిది కార్డ్‌ల మీద కార్డ్‌కు ఒక్క స్వరం చొప్పున ‘గ గ రి రి స స ని స’ అని నిదానంగా వాయించి చూడండి. తరువాత ‘ప ధ ధ ప ప మ మ గ’ అని వాయించండి. ప్రతి చోటా ముందు కార్డ్‌లో హాయిగా ఉన్న స్వరం తరువాతి కార్డ్‌లో ఏడవ స్వరంగా మారి కాస్త ఒత్తిడి పుట్టించి, ఆపైన ఒక మెట్టు దిగి ఊరట పొందుతుంది. బరోక్ వారు దీన్ని పట్టి విడిచే పద్ధతిగా నేర్పేవారు. జాజ్ వారు కార్డ్‌కు దారి చూపే స్వరాలని నేర్పుతారు. మీ స్వరకల్పన ఈ రెండు దారాల చుట్టూ తిరిగితే షడ్జమం కదలనక్కరలేదు, రచన విరగదు.

కీబోర్డు గురించి ఒక్క మాట. ఖరీదైన పియానో లేదని చింతించవద్దు. ఎంత గట్టిగా నొక్కినా హార్ప్సికార్డ్‌లో ధ్వని పెద్దది కాదు, కనుక మామూలు అరవై ఒక్క మెట్ల కీబోర్డులోని హార్ప్సికార్డ్ ధ్వని ఈ పనికి చక్కగా సరిపోతుంది.

బల్లార్షా గిటార్

బరంపురంవారు చెప్పినదానితో ఏకీభవిస్తున్నాను. మాది చంద్రపూర్ జిల్లా. ఇక్కడ మేము ఇంట్లో తెలుగు, బజారులో మరాఠీ మాట్లాడుకుంటూ గిటార్ వాయించుకునేవాళ్ళం. మీరు వయొలిన్ వాద్యకారులు కనుక ముందుగా 1937లో పారిస్‌లో చేసిన ఒక రికార్డింగును వినమని కోరుతున్నాను. బాఖ్ రెండు వయొలిన్లకు డి మైనరులో రాసిన కచేరీ రచన మొదటి భాగాన్ని స్టెఫాన్ గ్రాపెల్లీ, ఎడ్డీ సౌత్ వాయించగా, ఆర్కెస్ట్రా మొత్తానికి బదులుగా జాంగో రైన్‌హార్ట్ ఒక్క గిటార్‌తో నిలిచాడు. ఆ ముగ్గురే అదే భాగాన్ని రెండు విధాలుగా రికార్డు చేశారు: ఒకదానిలో రచనను పట్టుకుని జాజ్ ఊపుతో వాయించారు, రెండవదానిలో దాని మీద స్వేచ్ఛగా అల్లారు. రెండూ వెంటవెంటనే వింటే మీ ప్రశ్నకు సగం జవాబు దొరుకుతుంది.

ఊపు వేరు, మనోధర్మం వేరు అన్నది అక్కడ స్పష్టంగా తెలుస్తుంది. 1963లో పారిస్‌లోని స్వింగిల్ సింగర్స్ బృందం బాఖ్ రచనలను అక్షరాల స్థానంలో ‘బ ద బ’ వంటి పలుకులతో, వెనుక బాసు, డ్రమ్స్ పెట్టి పాడింది. స్వరాలు దాదాపుగా బాఖ్ రాసినవే, ఆశువుగా అల్లినది లేదు, అయినా వినేవారి కాలు కదులుతుంది. అంతకు ముందే, 1959లో, జాక్ లూసియే తన పియానోతో, పియెర్ మిషెలో బాసుతో, క్రిస్టియన్ గారో డ్రమ్స్‌తో బాఖ్ రచనలను తీసుకుని మధ్యలో నిజంగానే ఆశువుగా వాయించాడు. కీత్ జారెట్ అయితే కచేరీ మొత్తం ఆశువుగా నడపగల మహావిద్వాంసుడు, కానీ 1980లలో బాఖ్‌ను రికార్డు చేసినప్పుడు తన మనోధర్మాన్ని చొప్పించలేదు. నాకు ఆ నిగ్రహం మీద ఎంతో గౌరవం. ఈ దారుల్లో మీది ఏదో ముందుగా ముగ్గురూ కూర్చుని తేల్చుకోవాలి. డ్రమ్స్ లయ కలిపినంత మాత్రాన జాజ్ కాదు.

పర్లాకిమిడి వయొలిన్

ఇరువురికీ కృతజ్ఞతలు. బరంపురంవారు చెప్పిన రెండు స్వరపంక్తులను మా తమ్ముడు బాసు వాయిస్తుండగా వాయించి చూశాను. కార్డ్ మారినా నా చేయి తడుముకోలేదు. కింది బాసు, నా స్వరం ఒకదానినొకటి ఎరిగినట్టుగా సాగాయి. ఇక మిగిలినది మృదంగం, గమకం. గాంధారాన్ని కదిలించకుండా వాయిస్తే నా చెవికి బోసిగా ఉంటుంది, కదిలిస్తే కీబోర్డుతో పడడం లేదు. మృదంగం మోత కూడా ఒక్కొక్కచోట స్వరాన్ని కప్పేస్తున్నది. ఈ రెండింటికి ఏమి చేయాలి?

రాయగడ మృదంగం

ముందుగా తాళం. నాలుగు బార్లు, బారుకు నాలుగు దెబ్బలు, మొత్తం పదహారు. అంటే ఆదితాళం సరిగ్గా రెండు ఆవర్తనాలు. కనుక మీ మిత్రుడికి లెక్క కొత్తది కాదు, ముక్తాయింపు (ముగింపు జతి) వేసి జి మైనరు మీద సమానికి (తాళం మొదటి దెబ్బకు) చేరుకోవడం అతనికి వెన్నతో పెట్టిన విద్యే. అయితే ప్రతి వరుసకూ ముక్తాయింపు వేయవద్దని నా మనవి. బరోక్ రచనలో వరుస ముగిసిన చోటే తరువాతిది పుడుతుంది, అక్కడ గట్టిగా తీర్మానం పడితే ప్రవాహం తెగిపోతుంది. వయొలిన్ నుంచి కీబోర్డుకు వంతు మారే చోట మాత్రం వేస్తే చాలు.

స్వరాన్ని మోత కప్పడానికి కారణం శ్రుతే. ఐదు శ్రుతికి హెచ్చుశ్రుతి మృదంగమే తీసుకుని ఉంటారు, దాని కుడి మూత జి పలుకుతుంది. మొదటి కార్డ్ మీదా, ఇ ఫ్లాట్ మీదా ఆ జి కార్డ్‌లోని స్వరమే కనుక ఇమిడిపోతుంది. డి మేజరు దగ్గర కాకలి నిషాదం నిలబడి ఉండగా ‘ధీం’ అని మోగిస్తే షడ్జమం దాని పక్కనే రాసుకుంటుంది. అందుచేత ఏడవ కార్డ్ మీద మోగే పలుకులు మానేసి ‘త క త కి ట’ వంటి మూసిన పలుకులే వేయమనండి, తిరిగి జి మైనరుకు రాగానే ‘ధీం’ విడవమనండి. అప్పుడు ఆ ఒక్క మోతే వరుస ముగిసిందని సభకు చెబుతుంది.

గమకం సంగతిలో నా అభిప్రాయం కొంత కఠినంగా ఉండవచ్చు. కీబోర్డు గాంధారాన్ని కదలకుండా పట్టుకుని ఉన్నప్పుడు మీరు దాన్ని కంపితంతో ఊపితే రెండు గాంధారాలు వినిపిస్తాయి, అది ఎంత విద్వత్తు ఉన్నవారికైనా తప్పదు. దానికి మందు గమకాన్ని చంపుకోవడం కాదు, కీబోర్డును పలుచన చేయడం. మీరు అల్లేటప్పుడు మీ తమ్ముడు ఎడమచేతి బాసు, కుడిచేతితో మీరు వాయించని రెండవ దారం, ఈ రెండే వాయించాలి. మీరు ‘గ గ రి రి’ చుట్టూ తిరుగుతుంటే అతడు ‘ప ధ ధ ప’ మీద ఉండాలి. అప్పుడు మీ గాంధారం మీ సొంతం, జారు వేసినా కంపితం వేసినా అడ్డుచెప్పే స్వరం ఉండదు. ఇంకొక మాట, మీ వయొలిన్ కింది రెండు తీగలు ఐదు శ్రుతిలో పాశ్చాత్య వయొలిన్ శ్రుతికి సరిపోతాయి, పై రెండూ ఒక్కొక్క స్వరం దిగి ఉంటాయి. కనుక పాశ్చాత్య వేలివరుసలు రాసిన ప్రతిని చూసి సాధన చేయవద్దు.

బరంపురం కీబోర్డు

రాయగడవారు చెప్పిన ‘రెండవ దారం’ సలహాను అక్షరాలా పాటించండి, నేను చెప్పవలసినది వారు నాకంటే బాగా చెప్పారు. ఒక హెచ్చరిక మాత్రం చేర్చుతాను. ఈ ఉత్సాహంలో ఫ్యూగ్ (ఒకే స్వరపంక్తిని పలు గొంతులు ఒకదాని వెంట ఒకటి అందుకునే రచన) జోలికి వెళ్ళకండి. దానిలో ప్రతి గొంతూ మిగిలిన గొంతులకు లెక్క అప్పజెప్పి నడుస్తుంది, పైన ఇంకొక వయొలిన్ చేరితే ఆ లెక్క చెడుతుంది. 1747లో పోట్స్‌డామ్‌లో ప్రష్యా రాజు ఫ్రెడరిక్ ఇచ్చిన స్వరపంక్తి మీద బాఖ్ మూడు గొంతుల ఫ్యూగ్‌ను అక్కడికక్కడే వాయించాడు గానీ, అదే పంక్తికి ఆరు గొంతులు కావాలన్నప్పుడు ఇంటికి వెళ్ళి రాసి పంపాడు.

పాసకాలియా చేతికి వచ్చాక కొరెల్లి 1700లో అచ్చువేసిన వయొలిన్ సొనాటాలలో చివరిదైన పన్నెండవదాన్ని, ఫోలియా అనే పాత వరుస మీది అల్లికలను తీసుకోండి. అది వయొలిన్‌కే రాసినది, కింద అంకెల బాసు ఉంది, కనుక మీ తమ్ముడికి కూడా అసలైన పరీక్ష. డి మైనరులో ఉంటుంది కాబట్టి శ్రుతి రెండుకు దించాలి, మృదంగం మార్చాలి; లయ మూడు దెబ్బలది, మీ మిత్రుణ్ణి రూపక తాళంలో ఇప్పటి నుంచే చేయి తిప్పుకోమని చెప్పండి.