పల్లెలోని అమ్మకు వేలిముద్ర పడకపోతే డబ్బు ఎలా తీసుకోవాలి?

ప్రశ్న (ఉప్పల్, హైదరాబాద్):
మా అమ్మ నల్గొండ జిల్లాలో ఒక పల్లెలో ఉంటారు. ఊళ్లో బ్యాంకు శాఖ లేకపోవడంతో బ్యాంకు తరఫున ఊళ్లో సేవలందించే బ్యాంకు మిత్ర దగ్గర ఆధార్ యంత్రంపై వేలు పెట్టి పింఛను తీసుకుంటారు. పొలం పనులతో అరిగిపోయిన వేళ్లను యంత్రం తరచూ గుర్తించదు. పైగా ప్రతిసారీ ఆయన కొంత సొమ్ము మినహాయించుకుంటున్నారు. ఇది సబబేనా?

విశ్రాంత బ్యాంకు ఉద్యోగి, మలక్‌పేట:
సబబు కాదు. బ్యాంకు మిత్రకు కమీషన్ ఇవ్వవలసింది బ్యాంకు. రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారం బ్యాంకు మిత్ర ఖాతాదారుల నుంచి నేరుగా రుసుము వసూలు చేయకూడదు. ఆయన ఏ శాఖకు అనుబంధమో కనుక్కొని లిఖితపూర్వకంగా ఫిర్యాదు చేయండి. 30 రోజుల్లో జవాబు రాకపోతే బ్యాంకులపై ఫిర్యాదులను విచారించే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌ను ఆశ్రయించవచ్చు. వేళ్ల విషయానికొస్తే, ఆధార్ కేంద్రంలో వేలిముద్రల వంటి బయోమెట్రిక్ వివరాలను నవీకరించి చూడండి. కొన్ని బ్యాంకులు ముఖ గుర్తింపుతోనూ చెల్లిస్తున్నాయి. లావాదేవీ విఫలమైనా ఖాతాలో సొమ్ము తగ్గితే, రిజర్వు బ్యాంకు 2019 నాటి ఉత్తర్వు ప్రకారం ఐదు రోజుల్లోగా తిరిగి జమ కావాలి, ఆలస్యమైతే రోజుకు 100 రూపాయల పరిహారం చెల్లించాలి. అందుకే, విఫలమైనప్పుడు కూడా రసీదు అడిగి తీసుకోమనండి.

మరొకరు, కూకట్‌పల్లి:
బటన్ ఫోనుతో, ఇంటర్నెట్ అవసరం లేకుండా చెల్లించేందుకు 2022 మార్చిలో యూపీఐ 123పే వచ్చింది. అయితే అది నగదు చేతికివ్వదు. కిరాణా కొట్టువారు అంగీకరిస్తేనే ప్రయోజనం. ఆధార్ వేలిముద్రలను ఎవరూ వాడకుండా మూసి ఉంచే బయోమెట్రిక్ లాక్ భద్రమైనదే కానీ, ప్రతిసారీ తెరవాలి కనుక ఒంటరిగా ఉండే పెద్దలకు నేను సిఫారసు చేయను.