స్కాన్లన్నీ నార్మల్, ఎడమ పక్క మాత్రం స్వాధీనంలో లేదు: ఇంకా వెతకాలా, ఆపాలా?

తెనాలి టీచర్

అందరికీ నమస్కారం. నాకు 36 ఏళ్లు, హైస్కూల్లో లెక్కలు చెబుతాను. సంక్రాంతి సెలవులయ్యాక ఎడమ చెయ్యి మొద్దుబారడం మొదలైంది. కొన్నాళ్లకి ఎడమ కాలు కూడా ఈడుస్తున్నాను. గ్లాసు పట్టుకుంటే జారిపోతుంది, కాలినుంచి చెప్పు ఊడిపోయినా తెలియదు. మూతి వంకర పోలేదు, మాట బాగానే ఉంది. తలకీ మెడకీ ఎమ్మారై తీశారు, నరాలకి కరెంటు పెట్టి చూసే పరీక్ష చేశారు, బీ12, షుగరు, థైరాయిడ్ అన్నీ చూశారు. ఎక్కడా ఏమీ లేదు.

మొదట చూపించుకున్న డాక్టరుగారు టెన్షన్ తగ్గించుకోమ్మా అని నిద్రమాత్ర రాసి పంపేశారు. ఇప్పుడు చూస్తున్న నరాల డాక్టరుగారు మాత్రం మంచం మీద పడుకోబెట్టి, కాళ్లు ఎత్తించి, నొక్కించి చాలాసేపు చూశారు. ఇది ఫంక్షనల్ బలహీనత, అంటే నరాలు తెగలేదు గానీ మెదడు వాటిని సరిగ్గా నడిపించలేకపోతోంది, ఇక స్కాన్లు వద్దు, ఫిజియోథెరపీ మొదలుపెట్టి మూడు నెలలకి మళ్లీ కనపడండి అన్నారు.

ఇంట్లో గొడవంతా ఇక్కడే. మావారు హైదరాబాద్ వెళ్లి అన్నీ మొదటినుంచి చేయిద్దామంటారు. మా తమ్ముడు ఇక చాలు, చెప్పింది చెయ్యి అంటాడు. అత్తగారేమో పసరు మందు ఇచ్చే ఊరొకటుంది, పోదామంటున్నారు. పరీక్షల్లో ఏమీ తేలనప్పుడు వెతుకుతూనే ఉండాలా, ఆపేసి బాగుపడే దారి చూసుకోవాలా?

మెహదీపట్నం అన్న

ఆపొద్దు చెల్లెమ్మా. మా అక్కకి కుడి పక్క తిమ్మిరి వచ్చింది, తల స్కాన్ నార్మల్. పెళ్లి ఈడు పిల్ల, మనసులో ఏదో ఉంది అన్నారు. అట్లనే ఏడాది గడిచింది. తర్వాత ఒక కన్ను మసకబారితే కంటి డాక్టర్ అనుమానపడి తిరిగి నరాల విభాగానికి పంపాడు. అప్పుడు మెడ దగ్గర వెన్నుపాములో మచ్చ కనపడింది. మల్టిపుల్ స్క్లెరోసిస్. మెదడులో, వెన్నుపాములో నరాల పై పొర దెబ్బతినే జబ్బు అది, ముందే పట్టుకుంటే నష్టం తగ్గించే మందులున్నాయి. తల ఒక్కటే తీసి చాలనుకున్నారు, మెడ తీయలేదు. ఆడపిల్ల చెయ్యి పనిచేస్తలేదు అంటే కాగితం మీద టెన్షన్ అని రాయడం ఎంత తేలికో మా ఇంట్లో చూశాం. మీ ఆయన చెప్పిందే కరెక్టు.

ఫిజియో, విశాఖ

అన్నగారూ, మీ అక్కగారి విషయం చదివి బాధేసింది. కానీ టీచర్‌గారికి రెండో డాక్టరుగారు చెప్పినది ఆ కోవలోది కాదు. మీ అక్కగారి స్కాన్‌లో ఏమీ లేదు, కాబట్టి మనసే కారణం అన్నారు. ఏమీ కనపడకపోవడం ఏ జబ్బుకీ రుజువు కాదు. టీచర్‌గారి కాళ్లు ఎత్తించి నొక్కించారంటే ఆయన హూవర్ పరీక్ష చేసి ఉంటారు. అమెరికా వైద్యుడు హూవర్ 1908లో రాసిన పరీక్ష, ఈ రోజుకీ వాడుకలో ఉంది.

వెల్లకిలా పడుకుని ఎడమ మడమను మంచానికేసి నొక్కమంటే బలం రాదు. ఇప్పుడు ఎడమ కాలి సంగతి వదిలేసి కుడి కాలు పైకెత్తమంటారు, డాక్టర్ పైనుంచి చేత్తో ఆపుతారు. ఆ క్షణంలో ఎడమ మడమ తనంతట తనే బలంగా కిందికి నొక్కుకుంటుంది. అంటే మెదడు నుంచి కాలి దాకా దారి తెగలేదు. కావాలని కదపబోయినప్పుడే ఆజ్ఞ సరిగ్గా అందడం లేదు. మామూలు పక్షవాతంలో ఇలా జరగదు. నటించేవాళ్లు ఇలా చేస్తారని ఎవరైనా అంటే నమ్మకండి. నా దగ్గరికి వచ్చేవాళ్లలో కాలు కదపడానికి చెమటలు పట్టేంత ప్రయత్నించేవాళ్లే ఎక్కువ.

అందుకే నా మాట: ఫిజియో ఇప్పుడే మొదలుపెట్టండి. ఎంత ఆలస్యమైతే ఆ నడక అంత స్థిరపడిపోతుంది.

మెహదీపట్నం అన్న

సరే మేడం, మడమ నొక్కుకుంది. దాంతో వేరే జబ్బు లేనట్టు తేలిపోయిందా? రెండూ ఉండకూడదా?

ఫిజియో, విశాఖ

ఉండొచ్చు. మల్టిపుల్ స్క్లెరోసిస్ ఉన్నవాళ్లకే దానిమీద ఫంక్షనల్ బలహీనత రావడం ఉంది. అందుకే మూడు నెలలకి కనపడమన్న మాట నాకు నచ్చింది. ఇంకో సంగతి. ఇలాంటి రోగుల్ని ఏళ్ల తరబడి గమనించిన అధ్యయనాలన్నిటినీ ఎడిన్‌బరో నరాల వైద్యులు కలిపి చూసి 2005లో ఒక లెక్క ప్రచురించారు. 1950లలో నూటికి 29 మందికి తర్వాత వేరే జబ్బు బయటపడేది. 1970ల నుంచి అది 4కి దిగింది.

మెహదీపట్నం అన్న

ఆ నలుగురిలో ఒకరి ఇంట్లో ఉన్నాను నేను. వాళ్లకి మాత్రం అది నూటికి నూరు.

పాత స్టాఫ్ నర్సు, కర్నూలు

మీ వాదన మధ్యలో వస్తున్నాను, ఈ పేజీ వేరేవాళ్లు కూడా చదువుతారు కాబట్టి. ఒక పక్క హఠాత్తుగా పడిపోయినవాళ్లు ఇక్కడ కూర్చుని చదవొద్దు. మూతి వంకర, చెయ్యి జారడం, మాట ముద్దగా రావడం, వీటిలో ఏది కనపడినా వెంటనే 108కి ఫోన్ చెయ్యండి. రక్తపు గడ్డ కరిగించే ఇంజెక్షన్‌కి 4.5 గంటలే గడువు. పెద్ద రక్తనాళం మూసుకుపోయిన కొందరికి తీగ పంపి గడ్డ లాగడం 24 గంటల దాకా కుదురుతుంది గానీ, దాన్ని నమ్ముకుని ఇంట్లో ఆగొద్దు. చివరిసారి బాగా ఉన్నది ఎన్ని గంటలకో గుర్తుంచుకోండి, ఆసుపత్రిలో మొదట అడిగేది అదే. ఇంట్లో ఆస్పిరిన్ మింగించొద్దు, లోపల రక్తస్రావమై ఉంటే ఇంకా ప్రమాదం. నోట్లో నీళ్లు పోయొద్దు, మింగలేక ఊపిరితిత్తుల్లోకి పోతాయి. షుగరు మందులు వాడేవాళ్లయితే షుగరు పడిపోయిందేమో చూడాలి, అది కూడా అచ్చం పక్షవాతంలా కనపడుతుంది.

మొదటి గంటల్లో సీటీ నార్మల్ వచ్చిందని తిరిగి ఇంటికి వెళ్లిపోయినవాళ్లని చూశాను. మెదడులో రక్తం చిమ్మితే సీటీలో వెంటనే తెలుస్తుంది, గడ్డ అడ్డుపడితే మొదట్లో చాలాసార్లు ఏమీ కనపడదు. పది నిమిషాల్లో తగ్గిపోయిందిగా అని ఊరుకోవడమూ తప్పే. అలా వచ్చి పోయిన తర్వాతి రెండు రోజుల్లోనే అసలు పక్షవాతం వచ్చే భయం ఎక్కువ. పావురం రక్తం రుద్దడానికీ పసరు పోయించడానికీ ఊళ్లు పట్టుకు తిరిగి, గడువంతా దాటాక తెచ్చినవాళ్లని ఎంతమందిని చూశానో చెప్పలేను. టీచరమ్మా, మీ అత్తగారికి ఈ మాట నా పేరు చెప్పి చెప్పండి.

బోధన్ రైతు బిడ్డ

నేను టీచర్ తమ్ముని దిక్కు. మా బాపుకు చెయ్యి తిమ్మిర్లని స్కాన్ మీద స్కాన్ తీపిచ్చినం. ఒక తాన మెడల డిస్క్ ఉబ్బింది, ఆపరేషన్ చెయ్యాలె అన్నరు. ఎకరం అమ్మేటందుకు గూడ సిద్ధమైనం. ఇంకో డాక్టర్ దగ్గరికి పోతే ఫిల్మ్ జూసి, ఈ ఉబ్బుకు మీ తిమ్మిరికి సంబంధం లేదు, చెయ్యి చూపియ్యి అన్నడు. మణికట్టు కాడ నరం ఒత్తుకుంటుందట. రాత్రి పట్టీ కట్టుకుంటే సగం తగ్గింది. ఎక్కువ వెతికితే ఏదో ఒకటి దొరుకుతది. దొరికిందే కారణమనుకుని కోయిపిచ్చుకుంటే అప్పుడు నిజంగనే చెయ్యి పోతది. దీని గురించి ఎవ్వరూ మాట్లాడరేంది?

ఫిజియో, విశాఖ

బోధన్ తమ్ముడు చెప్పినదానికి లెక్క ఉంది. జపాన్‌లో ఏ బాధా లేని 1211 మందికి మెడ ఎమ్మారై తీస్తే 87.6 శాతం మందికి డిస్క్ ఉబ్బు కనపడింది. ఇరవైల్లో ఉన్నవాళ్లక్కూడా. అది 2015లో అచ్చయింది. రిపోర్టులో డిస్క్ బల్జ్ అనే మాట చూడగానే వణికిపోనక్కర్లేదు.

మైగ్రేన్ మనిషి

అక్కా, ఒక్కటి అడుగుతాను. మీ తిమ్మిరి వచ్చి పోతుందా, ఎప్పుడూ ఉంటుందా? నాకు వేళ్ల చివర మొదలై ఇరవై, ముప్ఫై నిమిషాల్లో మెల్లగా చేయి మీదుగా పెదవి దాకా పాకుతుంది, ఆ తర్వాత తలనొప్పి. మైగ్రేన్ అని తేలేలోపు ఇంట్లో అందరూ పక్షవాతం అనే అనుకున్నారు.

తెనాలి టీచర్

నాది పాకదమ్మా, ఎప్పుడూ ఉంటుంది. అలసిపోయిన రోజు ఎక్కువ. ఒకటి మాత్రం విచిత్రం. పిల్లల వెనక పరిగెత్తాల్సి వచ్చినప్పుడు కాలు మామూలుగా పడుతుంది, ఆ విషయం గమనించగానే మళ్లీ ఈడుస్తుంది. మా స్టాఫ్‌రూమ్‌లో ఇది చూసినవాళ్లే ఇదంతా సెలవు కోసం అంటున్నారు. అక్కడే గుండె కోసుకుపోతోంది. జబ్బు ఉందంటే పరీక్షలో లేదంటారు, లేదంటే మరి కాలెందుకు ఈడుస్తున్నావంటారు. మావారు స్కాన్లు కావాలనడం వెనక కూడా ఇదే ఉంది. ఏదో ఒక పేరు కాగితం మీద ఉంటే నలుగురికీ చూపించొచ్చని ఆయన ఆశ.

అనంతపురం లైబ్రేరియన్

టీచర్‌గారూ, నాకు కుడి పక్క ఇదే నిర్ధారణ. ఇప్పుడు చాలావరకు బాగున్నాను, అలసిన సాయంత్రాలు కాలు ఇంకా బరువవుతుంది. పరిగెత్తినప్పుడు కాలు బాగా పడటం మీరు దొంగ అనడానికి గుర్తు కాదు. ఈ జబ్బు లక్షణమే అది. దృష్టి కాలి మీద పెట్టినప్పుడు చెడుతుంది, పక్కకి మళ్లితే బాగవుతుంది. నా ఫిజియో దాన్నే మందుగా వాడారు. కండ బలం కోసం బరువులు ఎత్తించడం పక్కన పెట్టి వెనక్కి నడిపించారు, పాట పెట్టి తాళానికి అడుగులు వేయించారు, బంతి విసిరి పట్టుకోమంటూ నడవమన్నారు. కర్ర అవసరమైతే వాడమన్నారు గానీ అలవాటు కానివ్వొద్దన్నారు.

మీ ఇంట్లో మనసు జబ్బు అనే మాట వచ్చే ఉంటుంది. అమెరికా మానసిక వైద్యులు 2013లో తమ నిర్ధారణ పుస్తకం మార్చినప్పుడు, ఈ జబ్బుకి వెనక మనసు బాధ ఉండి తీరాలన్న షరతు తీసేశారు. కొందరికి ఉంటుంది, కొందరికి ఉండదు. నాకు దిగులు ఉంది, దానికి వేరే మందు వాడాను, అందులో సిగ్గుపడలేదు. ఇంకో మాట, బాగున్న రోజు ఇంటి పనంతా చేసేసి మర్నాడు మంచమెక్కొద్దు. రోజూ కొంచెం, ఒకే కొలత. నాకు పనికొచ్చిన వాటిలో మొదటిది అదే.

మెహదీపట్నం అన్న

చెల్లెమ్మ పరిగెత్తే సంగతి చదివాక నాకు కూడా ఇది మా అక్క కథలా లేదనిపిస్తుంది. అయినా ఫిజియోతో బాగైపోతారని గ్యారంటీ ఇచ్చినట్టు మాట్లాడకండి. బ్రిటన్‌లో దీనికే ప్రత్యేకంగా ఫిజియో ఇచ్చి చూసిన పెద్ద పరీక్ష ఫలితం 2024లో వచ్చింది, చదివాను. మామూలు ఫిజియోకీ దానికీ ప్రధాన కొలతలో తేడా రాలేదు.

ఫిజియో, విశాఖ

నిజమే, ఆ ప్రధాన కొలతలో, అంటే రోజువారీ పనులు ఎంతవరకు చేసుకోగలరో అడిగే ప్రశ్నావళిలో, తేడా రాలేదు. కదలిక మెరుగైందా అని రోగుల్నే అడిగితే మాత్రం ప్రత్యేక ఫిజియో తీసుకున్నవాళ్లలో అవును అన్నవాళ్లు ఎక్కువ. గ్యారంటీ నేనూ ఇవ్వను. కొందరు పూర్తిగా బాగవుతారు, కొందరు సగంలో ఆగుతారు. మన దగ్గర ఇంకో ఇబ్బంది కూడా ఉంది. చాలా సెంటర్లలో ఏ రోగానికైనా కరెంటు పెట్టి పంపించేస్తారు. అలాంటి చోట ఎన్నాళ్లు తిరిగినా టీచర్‌గారికి ఉపయోగం తక్కువ. నడిపించే మనిషి కావాలి.

పాత స్టాఫ్ నర్సు, కర్నూలు

టీచరమ్మా, ఫంక్షనల్ అని రాసిన కాగితం ఉంది కదా అని కొత్తగా వచ్చేవాటిని దాని ఖాతాలో వేయొద్దు. చూపు మసకబారినా, ఒకటి రెండుగా కనపడినా, మూత్రం ఆగకపోయినా లేక రాకపోయినా, కుడి పక్కకి పాకినా, మూతి వంకరపోయినా మూడు నెలలు ఆగకుండా వెంటనే వెళ్లండి. ఈ మాట డాక్టరుగారి చేత కాగితం మీద రాయించుకోండి, రేపు క్యాజువాలిటీలో కొత్త డాక్టర్ ఉంటే పనికొస్తుంది. ఇంకొకరికి ఉపయోగపడుతుందని ఇది కూడా చెప్తున్నా: ఒక పక్కంతా కాకుండా చర్మం మీద పాలిపోయిన మచ్చ ఉండి అక్కడే స్పర్శ లేకపోతే కుష్ఠు పరీక్ష చేయించుకోవాలి. ప్రభుత్వ ఆరోగ్య కేంద్రంలో మందు ఉచితం, పూర్తిగా నయమయ్యే జబ్బు.

తెనాలి టీచర్

అందరి మాటలూ మావారికి చదివి వినిపించాను. హైదరాబాద్ మాట ప్రస్తుతానికి పక్కన పెట్టారు, పూర్తిగా మానుకోలేదు. పసరు మందు వద్దని అత్తగారికి ఆయనే చెప్పారు. ఫిజియో మొదలుపెడతాను. మెహదీపట్నం అన్నగారూ, డాక్టరుగారిని ఏమేం అడగాలో మీరు చెప్పండి.

మెహదీపట్నం అన్న

స్కాన్ల సీడీలు పట్టుకెళ్లు, ఒట్టి రిపోర్టు కాగితం చాలదు. మెడ ఎమ్మారైలో వెన్నుపాము మీరే స్వయంగా చూశారా అని అడుగు. ఏం కనపడితే మళ్లీ స్కాన్ తీయిస్తారో ఇప్పుడే చెప్పమను. మూడు నెలలకి తప్పకుండా వెళ్లు, తగ్గినా వెళ్లు. నా మనసు ఇంకా పూర్తిగా ఒప్పుకోలేదు, అది నీకు తెలియాలి.

ఫిజియో, విశాఖ

ఆ మడమ పరీక్ష మళ్లీ చేసి చూపించమని కూడా అడగండి టీచర్‌గారూ. మీ వారిని గదిలోకి తీసుకెళ్లండి. ఎడమ మడమ కింద ఆయన చెయ్యి పెట్టించమనండి, ఆ బలం ఆయన చేతికే తెలుస్తుంది.