కృష్ణా కెనాల్ స్టేషన్ ఎప్పటిది? జంక్షన్ ఎందుకైంది?

కొత్త సీజన్:
ఈమధ్యే తెనాలి నుంచి బెజవాడకి ఉద్యోగానికి తిరగడం మొదలుపెట్టాను. కొలనుకొండ దాకా బాగానే వస్తుంది, కృష్ణా కెనాల్‌లో మాత్రం బండి అతుక్కుపోతుంది. ఏరు దాటితే ఆఫీసు, కానీ కదలదు. బోర్డు మీద జంక్షన్ అని ఉంది, చూడబోతే ఆ హంగేమీ లేదు. అసలు ఈ స్టేషన్ కథేంటో తెలిసినవాళ్లు చెప్పండి.

మంగళగిరి మెమూ:
గుంటూరు లైను, మీ తెనాలి లైను కలిసేది అక్కడే, అందుకే జంక్షన్. మా బండికి దారిస్తే మీది ఆగుతుంది, మీదానికిస్తే మాది. పాత సంగతులు కావాలంటే దుగ్గిరాల గుమాస్తా గారు రావాలి.

దుగ్గిరాల గుమాస్తా:
వచ్చాను బాబూ. వన్ టౌన్ వస్త్రలత బట్టల మార్కెట్లో లెక్కలు రాస్తుంటాను, పెళ్లికి ముందు నుంచీ ఈ లైన్లో సీజన్ పాసే.

ఇక్కడ ముందు వచ్చింది కాలవ. 1852లో మొదలుపెట్టి 1855కి బెజవాడ ఆనకట్ట పూర్తిచేశారు. పూనిక కాటన్ దొరది, దగ్గరుండి కట్టించింది కెప్టెన్ ఆర్ (Orr) అనే ఇంజనీరు. సీతానగరం వైపు నుంచి పశ్చిమ డెల్టా కాలవ బయల్దేరింది. దాంట్లో నీళ్లతోపాటు పడవలూ నడిచేవి. మా దుగ్గిరాల మీదుగా కొమ్మమూరు కాలవ, అట్నుంచి బకింగ్‌హామ్ కాలవ పట్టుకుంటే మద్రాసు దాకా నీళ్ల మీదే. పసుపు బస్తాలు పడవకెత్తిన కబుర్లు మా తాత చెబుతుంటే అన్నం చల్లారిపోయేది.

రైళ్లు వచ్చింది ఆ తర్వాత ముప్పై ఏళ్లు దాటాక. నైజాం వారి లైను వరంగల్ మీదుగా 1889లో బెజవాడ చేరింది. ఇటు గుంతకల్లు, నంద్యాల, గుంటూరు మీదుగా బళ్లారి–కృష్ణా స్టేట్ రైల్వే. దాన్ని నడిపింది సదరన్ మరాఠా కంపెనీ, పట్టాలు మీటర్ గేజి, అంటే వెడల్పు తక్కువ. కటకం నుంచి తూర్పు తీరం లైను 1893–96 మధ్య వేశారు. కృష్ణ మీద కట్టిన మొదటి రైలు వంతెనకి 12 ఖానాలు, ఒక్కోటి 300 అడుగులు. మద్రాసు లింకు పూర్తయింది 1899లో. దాంతో దక్షిణపు ఒడ్డున గుంటూరు వాళ్లూ, మద్రాసు వాళ్లూ ఏరు దాటడానికి ఒకేచోటికి రావాల్సి వచ్చింది. మీ బండి ఇవాళ ఆగడానికి మూలం అదే. స్టేషన్ చిన్నదే, ఉన్న చోటు అలాంటిది.

కంపెనీలైతే చాలానే మారాయి. తూర్పు తీరం లైను దక్షిణ భాగం 1901లో మద్రాసు రైల్వే చేతికి వెళ్లింది, 1908లో ఎం.ఎస్.ఎం. (మద్రాస్ అండ్ సదరన్ మరాఠా) అయింది, 1951లో దక్షిణ రైల్వే, 1966లో దక్షిణ మధ్య. మా తాతకి మాత్రం చివరిదాకా ఎం.ఎస్.ఎం.మే.

మిర్చి యార్డు:
గుమాస్తా గారూ, గేజి సంగతి తేలిగ్గా వదిలేశారు. అటు మీటర్ గేజి, ఇటు వెడల్పాటి బ్రాడ్ గేజి అంటే మా గుంటూరు సరుకు నైజాం వైపు పోవాలన్నా, కటకం వైపు పోవాలన్నా బెజవాడలో ఒక వ్యాగన్లోంచి దించి ఇంకో వ్యాగన్లోకి ఎత్తాల్సిందే. ఆ కూలి, ఆ తరుగు ఎవరి నెత్తిన పడేదో వ్యాపారం చేసేవాళ్లకి చెప్పక్కర్లేదు.

కొత్త సీజన్:
చాలా థాంక్సండీ. మరి బండి ఆగినప్పుడు దిగి ఆటోలో పోవడం మంచిదా? మా పెట్టెలో సగంమంది దిగిపోతారు.

దుగ్గిరాల గుమాస్తా:
టెన్షన్ పడకు. బెజవాడలో పది ప్లాట్‌ఫారాలున్నా హైదరాబాదు, విశాఖ, గుడివాడ, మద్రాసు బండ్లన్నీ చేరేది అక్కడికే. అందులో పాసింజరు వంతు ఆఖరిది. దిగినవాళ్లు షేర్ ఆటోలో బ్యారేజీ మీదుగా వన్ టౌన్ చేరతారు, నిజమే. కానీ ఆటో నిండేలోపు ఇక్కడ సిగ్నల్ పడటం చాలాసార్లు చూశాను. నా గుర్తు ఒకటే. జామకాయలావిడ పక్క లైన్లో గుంటూరు బండి వెళ్లేదాకా తీరిగ్గా కాయ నాలుగు చీలికలు చేసి ఉప్పుకారం అద్దుతూనే ఉంటుంది. అది దాటగానే కత్తి బుట్టలో పడేసి, చిల్లర కూడా ఇవ్వకుండా దిగిపోతుంది. ఇక మన బండి కదిలినట్టే. చిల్లర మర్నాడు అడగాలి.

ఆఫీసులో సంతకం తప్పదనుకున్న రోజు మాత్రం ముందు బండికి రా, ఆటోని నమ్ముకోకు.

మంగళగిరి మెమూ:
ఎర్రుపాలెం నుంచి అమరావతి మీదుగా నంబూరుకి కొత్త లైను వస్తోందిగా, 57 కిలోమీటర్లు. 2024 అక్టోబర్‌లో కేంద్రం ఓకే చేసింది. కృష్ణ మీద ఇంకో వంతెన, 3.2 కిలోమీటర్లు. అది వస్తే ఈ రద్దీ తగ్గదా?

దుగ్గిరాల గుమాస్తా:
హైదరాబాదు నుంచి గుంటూరు పోయే బండ్లకి బెజవాడ తిరుగుడు తప్పుతుంది, ఆ మేరకు మీకు మేలే. తెనాలి బండ్లు మాత్రం ఆ దారిన పోవు కదా. మేం కృష్ణా కెనాల్ మీదుగా రావాల్సిందే.