హైదరాబాదులో జబ్బులు పెరిగాయా, పరీక్షలు పెరిగాయా?

మాదాపూర్ ఉద్యోగి:
మా ఆఫీసులో ఏటా చేయించే మాస్టర్ హెల్త్ చెకప్ రిపోర్టులు వచ్చాయి. ఏ తేడా లేదన్నవాళ్లు మా వరుసలో ఒక్కరూ లేరు. నా పరగడుపు షుగర్ 104. పక్కనే లావుపాటి అక్షరాల్లో 'ప్రీడయాబెటిస్' అని అచ్చు వేశారు, అంటే మధుమేహానికి ముందు దశ అట. మా నాన్నగారి కాలంలో ఈ మాటే వినలేదు. పెరిగినవి జబ్బులా, ల్యాబులా?

తార్నాక పెద్దాయన:
హద్దు జరిపారు బాబూ! ఒకప్పుడు పరగడుపున 140 దాటితేనే మధుమేహం. 1997లో అమెరికన్ డయాబెటిస్ అసోసియేషన్ దాన్ని 126కు దించింది. 2003లో ప్రీడయాబెటిస్ హద్దును 110 నుంచి 100కు తెచ్చింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ మాత్రం 110 దగ్గరే ఉండిపోయింది. మీ 104 ఒకరి లెక్కలో హెచ్చరిక, ఇంకొకరి లెక్కలో మామూలు.

ల్యాబ్ టెక్నీషియన్:
సగం నిజమే చెప్పారు. 2023లో వెలువడిన భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) అధ్యయనం దేశంలో 10.1 కోట్ల మందికి మధుమేహం ఉందని అంచనా కట్టింది. ఇంటింటికీ తిరిగి చేసిన సర్వే అది, ప్యాకేజీలు కొన్నవాళ్ల లెక్క కాదు. కంటి శుక్లం ఆపరేషనుకు ముందు రక్తపరీక్షకని మా సెంటరుకు వచ్చేవాళ్లలో 280, 300 కూడా చూస్తుంటాం. "నాకు షుగరా? తీపే ముట్టనే!" అంటారు. కాలిపుండు మానకపోతే తప్ప గడప తొక్కనివాళ్లు ఎందరో. పరీక్షలు ఎక్కువైపోయాయని కూర్చున్నచోటి నుంచి అనడం తేలిక.

తార్నాక పెద్దాయన:
షుగర్ పరీక్ష వద్దని నేనెక్కడన్నాను? అన్నింటినీ ఒకే గాటన కట్టవద్దంటున్నాను. దక్షిణ కొరియాలో క్యాన్సర్ పరీక్షలతో పాటు, కాస్త డబ్బు ఎక్కువిస్తే మెడకు అల్ట్రాసౌండ్ కూడా చేసేవారు. 2011 నాటికి థైరాయిడ్ క్యాన్సర్ నిర్ధారణ రేటు 1993తో పోలిస్తే 15 రెట్లయింది. ఆ క్యాన్సర్ మరణాల రేటు మాత్రం దాదాపు కదలలేదు. ఏ హానీ చేయని చిన్న గడ్డలకు గ్రంథినే తీయించుకుని జీవితాంతం మాత్రలు మింగవలసి వచ్చినవాళ్లున్నారు. 104 వస్తే నడక మొదలుపెడతారు, పోయేదేమీ లేదు. మెడలో గడ్డ కనబడితే వ్యవహారం కత్తి దాకా పోతుంది.

ల్యాబ్ టెక్నీషియన్:
లక్షణాలేవీ లేనివారికి ఆ స్కానింగ్ అనవసరం. అంతవరకు ఒప్పుకుంటాను.

మాదాపూర్ ఉద్యోగి:
మా ప్యాకేజీలో అదీ ఉంది. తీసేసి డబ్బు తగ్గించమని ఫోను చేశాను. తీసేస్తారట, డబ్బు మాత్రం తగ్గదట.