వాల్‌మార్ట్ సరుకులో మన వాటా ఎంత? ఎగుమతుల్లో ఉన్నవారు చెప్పండి

లెక్కలపిచ్చి: అమెరికాకు ఓడల్లో చేరే సరుకుల బిల్ ఆఫ్ లేడింగ్ (ఓడ కంపెనీ ఇచ్చే సరుకు రవాణా పత్రం) వివరాలను బట్టి 2023లో రాయిటర్స్ ఒక లెక్క ఇచ్చింది. వాల్‌మార్ట్ అమెరికా దిగుమతుల్లో భారత్ వాటా 2018లో 2 శాతం, 2023 జనవరి–ఆగస్టు మధ్య 25 శాతం. చైనా 80 నుంచి 60కి దిగింది. ఇది నమ్మేదేనా?

విశాఖ గుమాస్తా: భారత్ నుంచి కొనుగోళ్లు పెరిగిన మాట నిజం. 2027కల్లా ఏటా 1,000 కోట్ల డాలర్ల సరుకు ఇక్కడ కొంటామని వాల్‌మార్ట్ 2020లోనే ప్రకటించింది. అంకెను మాత్రం పట్టుకుని వేలాడకండి. ఓడ పత్రాలతో తెలిసేది కొంతే అని ఆ సంస్థే అంది. నేను రొయ్యల ఎగుమతి పత్రాలు రాస్తాను. దుకాణం బ్రాండు అచ్చేసిన సంచుల్లోనే సరుకు నింపుతాం. కానీ పత్రంలో కన్సైనీ గడిలో, అంటే సరుకు అందుకునేవారి పేరు రాసేచోట, ఆ దుకాణం పేరు ఉండదు, మా యజమాని అమెరికాలో పెట్టుకున్న కంపెనీ పేరు ఉంటుంది. సుంకం కట్టి గోదాముకు చేర్చే పూచీ మాదే మరి.

హ్యూస్టన్ కోడలు: ఇప్పుడే ఫ్రిజ్‌లోని సంచి తిప్పి చూశాను. భారత్ అని, చెరువుల్లో పెంచినవని ఉంది, 26–30 అనీ ఉంది. ఏ ఊరో, ఎవరు పంపారో లేదు. 2025 ఆగస్టులో ఒక ఇండోనేషియా కంపెనీ సరుకులో సీజియం-137 అనే రేడియోధార్మిక పదార్థం కనిపించి వాల్‌మార్ట్ సొంత బ్రాండు గ్రేట్ వాల్యూ రొయ్యలను వెనక్కు తీసుకున్నారు కదా, వాటిని పంపింది ఎవరో మాకు అప్పుడే తెలిసింది.

భీమవరం చెరువుగట్టు: 26–30 కౌంటా! అంత పెద్ద రొయ్య మా చెరువులో ఎప్పుడు పడిందమ్మా?

విశాఖ గుమాస్తా: అది తల తీశాక పౌనుకు ఎన్ని రొయ్యలు తూగుతాయన్న లెక్క. తలతో తూచే మీ కిలో లెక్కలో దాదాపు 40 కౌంటే.

భీమవరం చెరువుగట్టు: అలాగా. 2025లో మన సరుకు మీద అమెరికా సుంకం 50 శాతమని టీవీలో రాగానే మా దగ్గర రేటు తగ్గించేశారు. అప్పటికే ఓడెక్కిన సరుకుకు మినహాయింపు ఉందన్నారే?

విశాఖ గుమాస్తా: అది పాత 25 మీద రెండోసారి వేసిన అదనపు 25 శాతానికి. ఆగస్టు 27కు ముందు ఓడెక్కి, సెప్టెంబరు 17లోపు అక్కడి కస్టమ్స్ దాటాల్సి ఉండేది. ఇక్కడి నుంచి న్యూయార్క్‌కు నెల పైమాటే. గోడ క్యాలెండరు మీద వేలుపెట్టి రోజులు లెక్కపెట్టాం. ఆగస్టు మొదట్లో బయల్దేరినవే గట్టెక్కాయి.

లెక్కలపిచ్చి: అయితే వాల్‌మార్ట్ దిగుమతుల్లో భారత్ వాటా అన్న ఆ 25 శాతంలో మీ రొయ్యలు లేనట్టేనా?

విశాఖ గుమాస్తా: నేను రాసిన పత్రాల్లోవైతే లేవు.