కౌలు కార్డుకి కామందు గారు సంతకం పెట్టట్లేదు, ఎలా అడగాలి?

మాది అమలాపురం దగ్గర ఊరు. నాన్న 19 ఏళ్లుగా ఒకే కామందు గారి మూడెకరాలు మక్తాకి, అంటే కౌలుకి, చేస్తున్నారు. సార్వా, దాళ్వా రెండూ వరే. మాకు సొంతానికి సెంటు భూమి లేదు. మక్తా అంతా నోటి మాట మీదే. ఏ తారీఖున ఎన్ని బస్తాలు కొలిచిందీ, ఎవరు పట్టుకెళ్లిందీ నాన్న నోటు పుస్తకంలో రాసుకుంటారు.

2025 ఆగస్టులో అన్నదాత సుఖీభవ, పీఎం కిసాన్ కలిపి 7,000 పడ్డాయని కామందు గారే ఫోన్లో చెప్పారు. ఆయన మంచివారే, నాన్నని పేరు పెట్టి పిలవరు. కానీ నాన్నని కౌలు రైతుగా గుర్తించే ఆ కార్డు మాట ఎత్తితే "చూద్దాంలే" అంటారు.

అక్టోబరు 28 రాత్రి మొంథా తుఫాను వచ్చింది. తెల్లారి వెళ్తే చేను మొత్తం చాప చుట్టినట్టు పడిపోయి ఉంది. నాన్న మోకాలి లోతు నీళ్లలో నిలబడి, పడిన దుబ్బుల్ని నాలుగేసి కలిపి కడుతూ సాయంత్రం దాకా అక్కడే ఉన్నారు. పంట నమోదు కామందు గారి పేరు మీద ఉంది కాబట్టి నష్టం కూడా ఆయన పేరు మీదే రాశారు. విత్తనం, ఎరువు, కూలీ అన్నీ మావే. ఆ బాధ తట్టుకోలేక రాస్తున్నాను. సంతకం పెడితే ఆయనకి నిజంగా ఏమైనా నష్టమా?

— రెవెన్యూలో పనిచేసి రిటైరైన ఒకాయన:
నష్టం లేదు బాబూ. 2019లో వచ్చిన పంట సాగుదారు హక్కుల చట్టం ప్రకారం ఆ కార్డు 11 నెలలకే. హక్కు పంట మీదే గానీ భూమి మీద కాదు. ఆయన పీఎం కిసాన్ కూడా ఆగదు, అది పట్టా చూసి ఇచ్చేది. మీకు కార్డు వచ్చినా పీఎం కిసాన్ కింద కేంద్రం ఏడాదికి ఇచ్చే ఆ 6,000 రావు, ఆ ఆశ పెట్టుకోకండి. రాష్ట్రం సాయానికీ, పంట రుణానికీ మాత్రం కార్డే ఆధారం.

— రాజోలు వైపు, రెండెకరాల సొంతదారు:
నేను కౌలుకిచ్చేవాణ్ణే. మొదట్లో నేనూ పెట్టలేదు. రేపు బ్యాంకు అప్పు నా పొలం మీద పడుతుందేమోనని టెన్షన్. అప్పు పంట మీదే ఇస్తారని ఫారం చదివాక తెలిసింది. మధ్యవర్తిని పంపొద్దు, ఫోన్లోనూ అడగొద్దు. నాన్నగార్ని స్వయంగా వెళ్లమనండి. ఆ నోటు పుస్తకం తీసుకెళ్లండి. 19 ఏళ్లు ఒక్క బస్తా ఎగ్గొట్టని మనిషిని కాదనడం కష్టం.

— భీమవరం దగ్గర కౌలు చేసే అక్క:
తమ్ముడూ, ఈ-క్రాప్, అదే పంట నమోదు, రాసేటప్పుడు గట్టు మీద మీరు ఉండాలి. మా ఊళ్లో మొదట కామందు పేరే ఎక్కించేశారు. నేను అక్కడే నిలబడి దున్నేది మేమని చెబితే మార్చారు. వేలిముద్ర కూడా పడలేదు నాకు, నాట్లేసి వేళ్లు అరిగిపోయాయి. రెండు రోజులు నూనె రాసి వెళితే పడింది.

— అడిగినవాణ్ణే:
మీ అందరికీ దండాలు. సంక్రాంతికి కామందు గారు ఊరొస్తున్నారు. 11 నెలల సంగతి నాన్నకి చదివి వినిపించాను. "మరి ఆయనకీ తెలీదేమోరా" అన్నారు. పుస్తకానికి కొత్త అట్ట వేస్తున్నారు.