మంచి పనికి వాడినా పిశాచ విద్య మకిలి అంటాలెనా? ఆదివారం ఆటల లేచిన పంచాయితీ

మూసీ_మాంత్రికుడు:

నల్గొండల మేం ఆడే టేబుల్‌టాప్ ఆటల (బల్ల చుట్టు కూసొని పాచికలేసుకుంట కథ అల్లే ఆట) మొన్న ఆదివారం పెద్ద పంచాయితీ అయింది. ఇంక తెగలేదు. అందుకే ఇక్కడ పెడుతున్న.

ఆట నడిపేది, అంటె జీఎం, నేనే. లోకం మేం సొంతంగ అల్లుకున్నది. రాచకొండ గుట్టలు, దేవరకొండ కోట మనసుల పెట్టుకొని మ్యాప్ గీసుకున్నం. రూల్స్ మాత్రం డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఐదో ఎడిషన్‌వి, పైన కొన్ని మేం కలుపుకున్నవి. మా వార్లాక్ (ఒప్పందం మీద మంత్రాలు వేసే పాత్ర) పేరు ఎల్లమంద. వాని చెవిల కర్ణపిశాచి ఉంటది, దానితోటి ఒప్పందం. నడిరాత్రి వానకు ఊరచెరువు కట్ట తెగబోతుంటే ఎల్లమంద పిశాచిని పిలిచి కట్టను నిలబెట్టిండు. కింద వాడ వాడంత బతికింది.

కాని మా లోకంల పిశాచ విద్య ఉత్తగ నడువదు. ఏదో ఒక ప్రాణం తినాలె. ఆ రాత్రి అది కట్ట మీది తాళ్లను, అంటె తాటిచెట్లను, తిన్నది. తెల్లారి చూస్తే మొవ్వులు వాలిపోయినయ్, మట్టలు బూడిద రంగు తిరిగినయ్, గీసిన గెలల నుంచి లొట్టిలకు కల్లు బదులు నల్లటి జిగురు దిగింది.

నేను ఎల్లమందకు మూడు మకిలి పాయింట్లు వేసిన. పది దాటితే క్యారెక్టర్ నా చేతికొస్తది, అది మా రూలు. ఆడే తమ్ముడు గయ్యిమన్నడు, "ఊరిని కాపాడినందుకు శిక్షనా?" అని. సగం మంది వాని దిక్కు, సగం మంది నా దిక్కు.

అడిగేది ఒకటే. మకిలి దేన్ని బట్టి అంటాలె? చేసేటోని మనసును బట్టా, వాడిన విద్యను బట్టా?

పాలమూరు_పాచిక:

ఎల్లమందను ఆడింది నేనే. నా మాట కూడ వినుండ్రి.

మన పురాణాలల్ల వరం ఎవరు అడిగినా ఇచ్చిండ్రు. హిరణ్యకశిపుడు తపస్సు చేసిండు, బ్రహ్మ ఇచ్చిండు. రావణుడు చేసిండు, ఇచ్చిండు. ఆ వరం వాళ్లను చెడగొట్టలేదు. చెడింది బుద్ధి. భస్మాసురుడు చచ్చింది వరంల విషం ఉండి కాదు, చెయ్యి తన నెత్తి మీదనే పెట్టుకొని. అంటే శక్తికి గుణం ఉండది, వాడేటోనికి ఉంటది.

ఇంకొకటి. 2014ల వచ్చిన ఐదో ఎడిషన్ పుస్తకం తెరిచి చూడు. పిశాచితోటి ఒప్పందం చేసుకున్న వార్లాక్‌కు ఎక్కడన్న మకిలి పాయింట్లు ఉన్నయా? లేవు. కత్తి పట్టే ఫైటర్ ఎట్ల లెవల్ పెరుగుతడో వార్లాక్ గూడ గట్లనే. పుస్తకంల లేని శిక్షను జీఎం కలిపిండంటె, ఆ క్లాస్ (పాత్ర రకం) ఆడేటోన్ని ఆట నుంచి పొమ్మన్నట్టే. ఆ రాత్రి నేను ఊకుంటే ఇండ్లు మునిగేటియి. అప్పుడు నాకు సున్న పాయింట్లు. మంచిగున్నది లెక్క!

నిర్మొహమాటం:

తాళ్లు ఎవరియి? ఎక్కేటోళ్లను అడిగినవా?

క్లాక్‌టవర్_కాడ:

పాచిక తమ్ముడు పుస్తకం తెరవమన్నాడు కాబట్టి నేనూ తెరుస్తాను. అదే క్లాస్‌లో, అదే పిశాచి ఒప్పందంలో, మొదటి లెవల్‌లోనే ఒక వరం ఉంది. శత్రువు ప్రాణం నువ్వు తీసినప్పుడల్లా నీ కరిస్మా (ఆకర్షణ) మాడిఫయర్, నీ వార్లాక్ లెవల్ రెండూ కలిపి అన్ని తాత్కాలిక హిట్ పాయింట్లు (దెబ్బలు తట్టుకునే ప్రాణం లెక్క) వస్తాయి. అంటే ఒకణ్ణి చంపిన మరుక్షణం నీకు ఒళ్లు తేలిక పడుతుంది. దీన్ని మకిలి అని పుస్తకం అనలేదు, బహుమానంగా ఇచ్చింది. నాకైతే ఇంతకంటే పక్కా పిశాచ పని కనబడదు. ఆరు నెలలు అలా ఆడిన ప్లేయర్‌ను చూడండి. బందీగా పట్టుకుందాం అని మిగతావాళ్లు అంటుంటే, "చివరి దెబ్బ నాకు వదలండి" అంటాడు. ఎవరూ వాడికి పాయింట్లు వేయలేదు, వాడే మారాడు.

అందుకే మకిలిని శిక్షగా పెట్టకూడదు, ఎరగా పెట్టాలి. వార్‌హామర్ ఫాంటసీ రోల్‌ప్లే నాలుగో ఎడిషన్, 2018లో వచ్చింది, అందులో ఈ పని అందంగా చేశారు. పాచిక తప్పింది, మళ్లీ వేసే అవకాశం కూడా అయిపోయింది, అయినా ఇంకోసారి వేయాలని ఉందా? నీ అంతట నువ్వు ఒక కరప్షన్ పాయింట్ రాసుకో, వేసుకో. జీఎం నోరు కూడా తెరవడు. ఆ పాయింట్లు నీ ఒంటి గట్టిదనం, మనసు గట్టిదనం రెండిటి బోనస్‌ల మొత్తాన్ని దాటితే పరీక్ష పడుతుంది. నెగ్గకపోతే ఒళ్లన్నా మారుతుంది, బుద్ధన్నా మారుతుంది.

ఎల్లమంద పిశాచిని పిలవక ముందే "దీనికి మూడు" అని జీఎం చెప్పి ఉంటే ఈ పంచాయితీయే ఉండేది కాదు. తమ్ముడు అయినా పిలిచేవాడు, ఎదురు మాట అనేవాడు కాదు.

మర్రిగూడ_మనిషి:

అన్నా, నేను వార్‌క్రాఫ్ట్ అనే కంప్యూటర్ ఆట ఆడి పెరిగినోణ్ణి, అందుకే ఫెల్ సంగతి తెస్తున్న. ఆడనోళ్లకు రెండు ముక్కల్ల: ఆ లోకంల పిశాచులు వాడే శక్తి పేరు ఫెల్. పచ్చగ మండుతది. ప్రాణాన్ని కాల్చుకొని నడుస్తది, మీ తాళ్ల లెక్కనే. గుల్‌డాన్ అనే ఓర్క్ దాన్ని తన జాతికి మప్పిండు. అప్పటిదాక ఓర్క్‌ల ఒళ్లు గోధుమ రంగు. గుల్‌డాన్ పెట్టిన గిన్నెల మానొరోత్ అనే పిశాచి నెత్తురు తాగిన దొరలకు రక్తపిచ్చి పట్టింది. ఇది అందరికి ఎరుకే.

నన్ను పట్టేది వేరే. డ్యూరొటాన్ అనే దొర ఆ నెత్తురు ముట్టలేదు, తన తెగను ముట్టనియ్యలేదు. అయినా ఆయన కొడుకు థ్రాల్ పచ్చగనే ఉన్నడు. చుట్టుముట్టు వార్లాక్‌లు ఆ విద్య వాడుతుంటే అది ఊరికూరికి ఎక్కింది. మరి గోధుమ రంగు తోటే మిగిలిన మాగ్‌హార్ ఓర్క్‌లు ఎవరు? ఒంటి మీద ఎర్ర పొక్కుల రోగమొస్తే అందరికి దూరంగ గారడార్ అనే ఊళ్లె పెట్టినోళ్లు. పుణ్యం చేసి కాదు, రోగమొచ్చి బచాయించిండ్రు. 2002ల వచ్చిన మూడో వార్‌క్రాఫ్ట్ ఆటల, ఆ నెత్తురు తాగిన దొర గ్రామ్ హెల్‌స్క్రీమ్ మానొరోత్‌ను చంపి తనూ చచ్చిండు. నెత్తురు శాపం తెగింది. పచ్చరంగు మాత్రం పోలే.

మాది మర్రిగూడ దిక్కు, ఇది మాకు కొత్త కథ కాదు. మా బోరు నీళ్లల్ల ఫ్లోరైడ్. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటొద్దంటరు. రుచిల తేడా ఉండది, వాసన ఉండది. కాగబెడితే పోదు, నీళ్లు ఇగిరినకొద్ది ఇంక చిక్కబడ్తది. చిగుళ్ల లోపల కొత్త పండ్లు తయారయ్యే వయసుల తాగిన పిల్లలకు పండ్ల మీద గోధుమ చారలు పడ్తయ్. పెద్దయినంక మా ఊరికి కోడలిగ వచ్చినామెకు ఆ చారలు రావు, కాని ఏండ్లకేండ్లు తాగితే కీళ్లు, ఎన్నుపూస బిగుసుకపోతయ్. కృష్ణా నీళ్లు నల్లాలకు వచ్చినంక పిల్లల పండ్లు నయం, వంగిన నడుములు లేవలేదు. తాగినోడు మంచోడా, చెడ్డోడా అని ఫ్లోరైడ్ అడగదు. ఎంత తాగిండు, ఎన్నేండ్లు తాగిండు, ఏ వయసుల తాగిండు, ఇంతే.

పిశాచ విద్య నిజంగ లోకంల ఉండే వస్తువైతే, అదీ గంతే ఉండాలె. మనసును చూసి అంటే మకిలి మకిలి కాదు, అది దేవుడు వేసే మార్కులు.

పాలమూరు_పాచిక:

అన్నా, నీ మాట మీద గౌరవం ఉన్నది. కాని నీళ్లు తాగుడు ఎవరి ఇష్టం? దాహమైతది, ఊళ్లె ఉన్న బోరే దిక్కు. పిశాచిని పిలుసుడు ఇష్టం. రెండిటికి ఒకటే కొలత పెడితే థ్రాల్, గుల్‌డాన్ ఒకటే తక్కెడల కూసుంటరు. పసిపిల్లగానికి, వాని ఇంట్ల మంట పెట్టినోనికి ఒకటే షీటా?

మర్రిగూడ_మనిషి:

మంచి మాట పట్టినవ్. అందుకే రెండు వేరే గీతలు గీయమంటున్న.

ఒకటి ఒంటి మకిలి. దగ్గర ఉన్నోళ్లందరికి అంటుతది. ఎల్లమందకు, కట్ట మీద మేసే మేకలకు, రేపు ఆ చెరువు నీళ్లు తాగి పుట్టే పిల్లగానికి. ఇందుల ఎవరి తప్పు లేదు. అదే వార్‌క్రాఫ్ట్‌ల బ్లడ్ ఎల్ఫ్‌లను చూడు. వాళ్ల సన్‌వెల్ అనే మాయబావి నాశనమైనంక ఫెల్ రాళ్ల పక్కన బతికిండ్రు, ఊరందరి కండ్లు పచ్చబడ్డయ్. రొట్టెలు కాల్చేటోని కండ్లు గూడ. వాడేం పాపం చేసిండు?

రెండోది బుద్ధి మకిలి. దీనికి విద్య ఒక్కటే సరిపోదు. ఎల్లమంద పిశాచిని పిలిచినప్పుడు బిల్లు ఎవరికి పోయింది? ఎల్లమందకు ఒక్క హిట్ పాయింట్ తగ్గలే. తాళ్లకు పోయింది, ఆ తాళ్ల మీద బతికే గౌండ్లోళ్లకు పోయింది. నిర్మొహమాటం అడిగినదానికి నువ్వు ఇంకా జవాబు చెప్పలేదు, చూసుకో. అదే బుద్ధి మకిలి మొదలయ్యే జాగా. మొదటిసారి ఆపదల అడిగే టైం లేదు, ఒప్పుకుంట. రెండోసారి టైం ఉంటది, అయినా అడగవు, ఎందుకంటె మొదటిసారి ఏం కాలేదు గద. నాలుగోసారికి తాళ్లు నీ కండ్లకు ఆననే ఆనవు.

కాల్ ఆఫ్ కథుల్హు అని 1981 నాటి ఆట ఉన్నది. అందుల ఇంకొక తీరు. ఆ పిశాచ జ్ఞానం నీకు ఎంత ఎక్కితే నీ సానిటీ (మతి నిలకడ లెక్క) పై అంచు అంత కిందికి దిగుతది. 99ల నుంచి ఆ జ్ఞానాన్ని తీసేస్తే ఎంత మిగిలితే అంతే. ఊరిని కాపాడటానికి చదివినా, కాలబెట్టటానికి చదివినా లెక్క మారది. నయం చేసుకోవచ్చు, కాని ఆ అంచు దాక మాత్రమే. నాకు ఇది నచ్చుతది, ఎందుకంటె ఇది తిడ్తలేదు.

గద్వాల_అక్క:

తమ్ముళ్లూ, ఒక్క మాట చెప్పి పోత. ఒంటి మీద గుర్తు కనబడితే మంత్రగాడు అని ఆటల అలవాటు చెయ్యకుండ్రి. మన దిక్కు బాణామతి అని, చేతబడి అని ముసలోళ్లను కొట్టి చంపిన వార్తలు పేపర్ల ఎన్నిసార్లు చదివినం? "మంత్రాల నెపంతో" అని రాస్తరు. వాళ్ల దగ్గర ఏ మంత్రం లేదు. ఎవరికో జరమొచ్చింది, ఎవరిదో బర్రె చచ్చింది, ఒంటరిగ ఉన్న ముసలామె మీదికి పోయిండ్రు. ఆటల మంత్రం నిజం కాబట్టి ఊరోళ్ల అనుమానం గూడ నిజమే అని చూపిస్తే నాకు నచ్చది.

మర్రిగూడ తమ్ముడు చెప్పిన రెండు గీతలు పెడితే ఇది దానంతట అదే సర్దుకుంటది. కట్ట కింద ఇంట్ల గీత కార్మికుని బిడ్డకు కండ్లు పచ్చబడనియ్యి. ఊరోళ్లు ఆ పిల్ల మీదికి రానియ్యి. అసలు పిలిచినోడు ఎల్లమంద, వాని ఒంటి మీద అంగీ ఉన్నది, గుర్తు కనబడది. అప్పుడు వాడు నోరు తెరుస్తడా, మూసుకుంటడా చూడు. పాయింట్లు తర్వాత.

నిర్మొహమాటం:

అక్కా, దండం. వచ్చే ఆట నువ్వే నడిపియ్యి.

క్లాక్‌టవర్_కాడ:

కడుక్కునే దారి ఉండాలా, వద్దా? మా గ్రూపులో పూజారి క్యారెక్టర్ ఒక మంత్రం వేస్తే మకిలి సున్నా అయిపోతుంది. దాంతో భయమే పోయింది. వారానికోసారి బట్టలు ఉతికించుకున్నట్టు వచ్చి కడిగించుకు పోతారు.

మర్రిగూడ_మనిషి:

ఉండాలె, కాని మాయం కావద్దు. నాగ్‌పూర్ నీరి అనే పర్యావరణ పరిశోధన సంస్థోళ్లు తయారు చేసిన పద్ధతి ఒకటి ఉన్నది, మన జిల్లా పేరు మీదనే నల్గొండ టెక్నిక్ అంటరు. నీళ్లల్ల సున్నం, పటిక కలిపి తిప్పితే ఫ్లోరైడ్ అడుగున మడ్డి లెక్క పేరుకుంటది. పైన తేట నీళ్లు వంచుకోవాలె. తేట మంచిదే. కాని ఆ మడ్డి ఏడ పారబోస్తవ్? బాయి పక్కన పోస్తే మల్ల మొదటికే.

మీ పూజారి కడిగిన మకిలి గూడ ఒక కుండల దిగాలె. ఆ కుండ ఎవరు మోస్తరు, ఏ ఊరి పొలిమేరల పాతిపెడ్తరు, అక్కడ ఏం మొలుస్తది? వారానికోసారి కడిగించుకునేటోళ్లకు ఇంటి నిండ కుండలు అయితయ్. ఒక్క ఆట కాదు, ఏడాది ఆటకు కథ దొరికింది నీకు.

మూసీ_మాంత్రికుడు:

అందరు చెప్పింది చదివిన. ఆదివారం నుంచి ఇట్ల నడుస్తది.

షీట్ మీద రెండు డబ్బాలు. ఒంటి మకిలి, బుద్ధి మకిలి. విద్య ఎంత ప్రాణం తింటే దాన్ని బట్టి ఒంటి మకిలి పడ్తది, దగ్గరున్న అందరికి. మనసు ఎంత మంచిదైనా మాఫీ లేదు. అది పది దాటినా క్యారెక్టర్ పోదు, ఒళ్లు మారుతది అంతే. బుద్ధి మకిలి మాత్రం బిల్లు వేరేటోళ్లకు పంపి మొఖం తిప్పుకున్నప్పుడే. అది నిండితేనే క్యారెక్టర్ నాకొస్తది. పిలిచే ముందు రేటు నోటితో చెప్త, క్లాక్‌టవర్ అన్న అన్నట్టు. కడిగే మంత్రానికి కుండ ఖాయం.

పూజారి నేను చేస్త అనొద్దు, తాళ్లను మల్ల పచ్చగ చేసే మంత్రం లేదు. కొత్తయి పెట్టుకోవాలె. తాడు కల్లుకొచ్చే దాక ఎన్నేండ్లు పడ్తదో ఊళ్లె ఎవరినన్న అడుగుండ్రి.

ఎల్లమంద లెక్క: ఒంటికి మూడు, అట్లనే ఉంటయ్. బుద్ధికి ఇప్పటికి సున్న. ఆదివారం కట్ట కాడ గౌండ్లోళ్లు కూడుతరు, ఎవడు చేసిండని అడుగుతరు. అక్క చెప్పిన పిల్ల గూడ ఆన్నే ఉంటది.

పాలమూరు_పాచిక:

మూడు పాయింట్ల మీద నా మాట మారలేదు, మంచి పనికి తగ్గియ్యాలె. రెండు డబ్బాలు ఒప్పుకుంట. కాని బుద్ధి మకిలి నువ్వు రాసుకునుడు కాదు, నేనే రాసుకుంట. ఎల్లమంద మొఖం తిప్పిండా లేదా అన్నది నాకు ఎరుక, నీకెట్ల ఎరుక?

మూసీ_మాంత్రికుడు:

నువ్వే రాసుకో. కర్ణపిశాచి షీట్ మీద నేను వేరే రాసుకుంట. రెండిట్ల అంకె తేడా వచ్చిన రోజు మల్ల ఇక్కడికే వద్దాం.